తొరిబియో దోరియా వాటా

మోంతెరియా,
జనవరి 17, 1994.

అన్నయ్యకి,

ఇక్కడ నేనూ, నా నూనె మూకుడూ క్షేమం. మోకాలు మాత్రం చెప్పిన మాట వినడం లేదు. నీ సంగతి నువ్వు ఎలాగూ రాయవు కాబట్టి మీ ఊరి జీపు నడిపే చెమాని అడిగి తెలుసుకున్నాను. బక్కగా ఉన్నావట, ఎవరితోనూ మాట్లాడ్డం లేదట. అంటే మామూలుగానే ఉన్నావన్నమాట.

విషయం ఏమిటంటే, మొన్న శుక్రవారం కోర్టు తలుపు మీద ఒక జాబితా అంటించారు. నేను మెట్ల పక్కన కూచుని గుడ్డు రొట్టెలు వేయించే చోటికి సరిగ్గా ఎదురుగా. ఎవరెవరి పేరు మీదో ఎప్పుడో కోర్టులో జమ అయ్యి, ఎవరూ వచ్చి తీసుకోని సొమ్ములట అవి. ఈస్టరు సెలవులకి కోర్టు మూసేలోగా అడిగినవాళ్ళకి ఇస్తారట. అడక్కపోతే సర్కారు ఖాతాలో కలిపేస్తారట. బేరం లేదు కదా అని కళ్ళజోడు పెట్టుకుని ఊరికే చదువుతున్నాను. చదువుతూ చదువుతూ ఒక చోట నా వేలు ఆగిపోయింది.

"దోరియా, తొరిబియో. ఊరు లాస్ గర్సాస్. రాజీ సొమ్ము."

మన ఇంటిపేరు. మన ఊరు. అన్నయ్యా, ఎవరు ఈ తొరిబియో?

లాస్ గర్సాస్‌లో దోరియాలంటే మనమే గదా. అమ్మ కన్నది మనిద్దర్నీ, కళ్ళు తెరవకుండానే పోయిన ఆ పసివాణ్ణీ. మరి వీడెవడు? నాన్న పశువుల్ని తోలుకుని ఎగువకి వెళ్ళినప్పుడల్లా నెలల తరబడి తిరిగొచ్చేవాడు కాదు. అమ్మ గుమ్మంలో కూచుని ఏరు వైపు చూస్తూ కర్రపెండలం చెక్కు తీసేది. అప్పుడు నాకేం తెలియలేదు. ఇప్పుడు ఆ చెక్కు తీసే చప్పుడే చెవుల్లో ఉంది.

అడుగుదామంటే ఆ తరంవాళ్ళెవరూ లేరు. నువ్వున్నావు. నాకంటే పెద్దవాడివి, నీకు తెలిసే ఉంటుంది. రాయి.

చెల్లెలు
నికొలాసా

తా.క. చెమా చేతికిచ్చిన సంచిలో రెండు బనీన్లు ఉన్నాయి. దాచిపెట్టకు, తొడుక్కో.


లాస్ గర్సాస్,
జనవరి 25.

చెల్లాయి నికొలాసాకి,

బనీన్లు అందాయి. ఒకటి తొడుక్కున్నాను.

నాన్న అలాంటివాడు కాదు. ఆ పేరు గురించి అంతకంటే రాయలేను. అది నా ఒక్కడి సంగతి కాదు. ఒట్టు వేసుకున్నవాళ్ళం కొంతమందిమి.

ఇక్కడ వేరే బెంగ పట్టుకుంది. మా బ్యాండు మేళం నడిపించిన పొంపీలియో మేష్టారి భార్య దిగ్నా వదిన మేళం పెద్ద డ్రమ్మును అమ్మేస్తోంది. నా బతుకంతా నేను వాయించింది. మేష్టారు పోయాక అది వాళ్ళ వంటింటి వసారాలోనే ఉంది. ఒక పక్క తోలు చీలిపోయింది. రెండో పక్క బాగుంది. కార్తహేనా నుంచి ఒక మనిషి వచ్చి చూసి వెళ్ళాడు. పైన అద్దం బిగించి సారా దుకాణంలో బల్లగా వేస్తాడట. ఈస్టరు వెళ్ళాక వచ్చి పట్టుకుపోతాడట.

వదినని అనడానికి లేదు. వంటింటి పైకప్పు రేకులు తుప్పు పట్టి జల్లెడ అయిపోయాయి. వానలు మొదలైతే పొయ్యి వెలగదు. ఆవిడకి ఇంకో దారి లేదు. నా దగ్గరా డబ్బు లేదు.

రోజూ సాయంత్రం వెళ్ళి దాన్ని తుడిచి వస్తున్నాను.

ఆ తొరిబియో సొమ్ము ఎవరైనా అడగాలంటే ఏం చెయ్యాలి? లాయరు కావాలా? ఊరికే తెలుసుకుందామని.

అన్న
ఎమెతెరియో


మోంతెరియా,
ఫిబ్రవరి 3.

అన్నయ్యకి,

"ఊరికే తెలుసుకుందామని" అట! నీ ఊరికే నాకు తెలియదా? చిన్నప్పుడు "ఊరికే" గూట్లో చెయ్యి పెట్టి తేనెటీగల చేత కుట్టించుకున్నవాడివి. నీకు వాడెవడో తెలుసు. వాడు బతికే ఉన్నాడు. లేకపోతే డబ్బు ఎలా తీసుకోవాలని అడుగుతావా?

సరే, నువ్వడిగినదానికి జవాబు. గుమాస్తా రోహాస్ రోజూ నా దగ్గర రెండు రొట్టెలు, పైన పుల్లటి మీగడ వేయించుకుని తింటాడు. నోట్లో రొట్టె ఉన్నప్పుడు అడిగితే నిజం చెప్తాడు. లాయరు అక్కర్లేదట. తెల్లకాగితం మీద పేరు, గుర్తింపు కార్డు నంబరు, ఆ సొమ్ము నీకెలా చెందుతుందో నాలుగు ముక్కలు రాసి కిటికీలో ఇవ్వాలి. జడ్జిగారు చూసి సంతకం పెడితే బ్యాంకువాళ్ళు ఇస్తారు. "లాయర్ని పెడితే కొండని తవ్వి ఎలుకని పట్టినట్టే, నికొలాసమ్మా, ఆ ఎలుకనీ ఆయనే తింటాడు" అన్నాడు.

బాదం చెట్టు కింద టైపు మిషను పెట్టుకుని కూచునే బెర్నాల్ ఇది విన్నాడు. "మరి నేనున్నదెందుకమ్మా? అంత చిన్నపనికి సగం ఇస్తే చాలు" అని కన్ను గీటాడు. నా రొట్టెలు అప్పు పెట్టి తినే మనిషి, నా దగ్గరే సగం!

ఇంకో మాట. నాకు మొదట కోపం వచ్చింది. నాన్న ఫోటోని గోడ వైపు తిప్పేశాను. తర్వాత ఎందుకో ఆ కోపం నిలవలేదు. నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను, ఇప్పుడు రోజూ వాడి గురించే ఆలోచిస్తున్నాను. నాన్న చెవులు నీకూ రాలేదు, నాకూ రాలేదు. అంత పెద్ద చెవులు ఎవరికీ రాకుండా పోతాయా? వాడికే వచ్చి ఉంటాయి. కంద, జున్ను వేసిన పులుసు వాడికీ ఇష్టమేనేమో. సంతలో ఒక ఎనామెల్ కంచం కనిపించింది, నీలం అంచుది. కొనేశాను. నాకొకటి ఉంది, నువ్వొస్తే నీకొకటి ఉంది. మూడోది లేదు కదా.

ముసలితనంలో ఒక తమ్ముడు దొరికితే కోపమెందుకు చెప్పు? ఎక్కడున్నాడో రాయి. నేను తిట్టను.

చెల్లెలు
నికొలాసా


లాస్ గర్సాస్,
ఫిబ్రవరి 12.

చెల్లాయికి,

కంచం సంగతి చదివాక తాళాలు వాయించే అబుందియో దగ్గరికి వెళ్ళాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టెయ్యనా అని అడిగాను. "కంచం దాకా వచ్చిందంటే చెప్పెయ్యాలి" అన్నాడు.

తొరిబియో మనిషి కాదు. డ్రమ్ము.

మా మేళంలో ఒక పద్ధతి ఉండేది. ఏ ఊళ్ళో వాయించినా, వచ్చింది సమానంగా పంచుకునేవాళ్ళం. మేం పన్నెండుమందిమి. వాటాలు పదమూడు. పదమూడోది పెద్ద డ్రమ్ముది. దాని తోలుకి, తాళ్ళకి, దాని తల మీద నీడకి. బాకా ఎవరిది వాళ్ళదే, క్లారినెట్టు ఎవరిది వాళ్ళదే. డ్రమ్ము ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాని డబ్బు తాగేయడం తేలిక. అందుకని మేష్టారు దానికి పేరు పెట్టారు. "పేరున్నవాడి డబ్బు మీద చెయ్యి వెయ్యడానికి సిగ్గేస్తుంది" అనేవారు.

పునీత తొరిబియోవారి పండగ నాడు చెరకు సారాతో జ్ఞానస్నానం చేయించారు. వాయించేవాణ్ణి నేనే కాబట్టి నన్ను జ్ఞానతండ్రిగా నిలబెట్టారు. అందుకే నా ఇంటిపేరు. ఫాదరుగారికి తెలిస్తే మమ్మల్ని గుళ్ళోకి రానివ్వరు. అందుకని ఆ పేరు మేళం దాటి బయటికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చెప్పలేదు.

బియ్యం మిల్లు లారీ మా బస్సుని మలుపులో గుద్దింది, నీకు గుర్తుండే ఉంటుంది. ప్రాణాలు పోలేదు. మేష్టారి కాలు విరిగింది. బాకాలన్నీ అప్పడాలయ్యాయి. మిల్లు యజమాని రాజీకి వచ్చాడు. కోర్టుకి మేష్టారు ఒక్కరే వెళ్ళారు, కర్ర పట్టుకుని. ఎవరెవరికి పంచాలి అని అడిగితే ఎప్పుడూ పంచినట్టే చెప్పారు. పదమూడు పేర్లు చెప్పారు. మోసం చెయ్యాలని కాదు. ఆయన నోటికి వాటాలంటే పదమూడే.

ఎవరి పేరున వాళ్ళకి కోర్టులో జమ చేశారు. మేం కార్డులు చూపించి తెచ్చుకున్నాం. తొరిబియో కార్డు కూడా అడిగారు. మేష్టారు నవ్వుకుంటూ తిరిగొచ్చారు. "వాడి డబ్బు అక్కడే ఉండనీ. మన దాహానికి దూరంగా ఉంటుంది" అన్నారు. తర్వాత ఆయన పోయారు. మేళం పోయింది. మేం మర్చిపోయాం.

నీ ఉత్తరం చూశాక ఒకటే ఆలోచన. ఆ డబ్బు వస్తే డ్రమ్ము బల్ల కాకుండా ఆగుతుందేమో. అది వాడి డబ్బే కదా. వాణ్ణి వాడే విడిపించుకుంటాడు.

తమ్ముడున్నాడని నిన్ను నమ్మించాలని కాదు. చెప్పలేకపోయాను. కంచం సంగతి మనసులో పెట్టుకోకు.

అన్న
ఎమెతెరియో


మోంతెరియా,
మార్చి 4.

అన్నయ్యకి,

కంచాన్ని కాగితంలో చుట్టి బీరువా మీద పెట్టేశాను. దాని గురించి ఇంక రాయకు.

నాన్న ఫోటోని ఇవతలికి తిప్పి, కొవ్వొత్తి వెలిగించి, క్షమించమని అడిగాను. ఆయన ఎప్పట్లాగే చెవులు వేసుకుని చూశాడు.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని అడగకు. పక్కింటి వాళ్ళకి చెప్పుకున్నాను, తమ్ముడు దొరికాడని. ఇప్పుడు వాళ్ళు "ఎప్పుడొస్తున్నాడు మీ తమ్ముడు?" అని రోజూ అడుగుతున్నారు. తోలు చిరిగిందట, అందుకని ఆలస్యం అని చెప్పనా?

సరే. గడువు దగ్గర పడింది. బెర్నాల్‌తో మాట్లాడాను. డ్రమ్మని చెప్పలేదు, మనిషి దొరకడం లేదని మాత్రం అన్నాను. "మనిషిదేముందమ్మా, మనిషిని నేను తెస్తాను" అన్నాడు. తన ఎరికలో ఒకడున్నాడట, మన వయసువాడే. జ్ఞానస్నానం కాగితం బెర్నాలే పుట్టిస్తాడు. సగం వాళ్ళిద్దరికీ. వాణ్ణి నాకు చూపించాడు కూడా. రొట్టె తిన్నాడు. అన్నయ్యా, వాడి చెవులు నిజంగానే పెద్దవి.

నువ్వు ఊ అంటే ఊ. ఊహూ అంటే ఊహూ. త్వరగా రాయి.

నికొలాసా


లాస్ గర్సాస్,
మార్చి 9.

చెల్లాయికి,

ఊహూ.

వాడి బదులు దొంగ మనిషి వద్దు. జ్ఞానతండ్రిని నేనున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇందులోనే పెట్టాను. తప్పులుంటే దిద్దకు, దిద్దితే నేను రాసినట్టుండదు. కిటికీలో ఇచ్చెయ్యి.

మేళంలో మిగిలింది ముగ్గురం. నేను, అబుందియో, బాకా వాయించిన దెల్ఫీన్. దెల్ఫీన్ ఇప్పుడు కొత్త సంఘంలో చేరి ప్రార్థనలు చేయిస్తున్నాడు. ఆటా పాటా పాపం అంటాడు. నేను వెళ్ళి కాగితం ముందు పెట్టాను. "ఆ డ్రమ్ముతో ఊళ్ళని ఎన్ని రాత్రులు తాగించి ఆడించాం! దానికోసం నేను సంతకం పెట్టను తమ్ముడూ" అన్నాడు. నాకు వాదించడం రాదు. అక్కడే బల్ల మీద కూచున్నాను. వాళ్ళావిడ కాఫీ ఇచ్చింది. తాగాను. నీడ గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చింది. ఇంకా కూచున్నాను.

చివరికి తనే అడిగాడు, "అమ్మితే ఏం చేస్తార్రా దాన్ని?" అని. సారా దుకాణంలో బల్ల చేస్తారని చెప్పాను. తర్వాత కలం అడిగాడు. "దాని మీద సీసాలు పెట్టనివ్వడం ఇంకా పెద్ద పాపం" అన్నాడు. సంతకం పెట్టి, "నేను వినడానికి మాత్రం రాను" అన్నాడు.

అన్న
ఎమెతెరియో

(కాగితం ఇది)

కోర్టువారికి.
నా పేరు ఎమెతెరియో దోరియా. బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము వాయించాను. మీ జాబితాలో ఉన్న తొరిబియో దోరియా ఆ డ్రమ్మే. మనిషి కాదు. అతనికి కార్డు లేదు. మేం ఎప్పుడూ అతనికి ఒక వాటా ఇచ్చేవాళ్ళం. అందుకని రాజీలో మేష్టారు అతని పేరు కూడా చెప్పారు. అందులో మోసం లేదు. అతను ఇప్పుడు కష్టంలో ఉన్నాడు. అతని వాటా అతనికి ఇప్పించండి. మేళంలో బతికి ఉన్న ముగ్గురం కింద సంతకాలు పెట్టాం. లాయర్ని పెట్టుకోలేదు. తప్పైతే చెప్పండి.


మోంతెరియా,
మార్చి 16.

అన్నయ్యకి,

దిద్దలేదు. నీ చేతిరాత అలాగే ఇచ్చాను.

రోహాస్ కిటికీలో నించుని చదివాడు. నోట్లో రొట్టె ఉంది. అడ్డం పడింది. నేను నీళ్ళు ఇచ్చాను. "నికొలాసమ్మా, ఇది జడ్జిగారికి ఇచ్చానంటే నా ఉద్యోగం..." అన్నాడు. "నువ్వు రాయలేదుగా నాయనా, మా అన్న రాశాడు" అన్నాను. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి తీసుకెళ్ళాడు. ఎంతకీ రాలేదు. నేను మంట తగ్గించి కూచున్నాను. నూనె చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి బయటికొచ్చి ముద్ర వేసిన కాగితం చేతిలో పెట్టాడు. ఇదిగో, అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "లబ్ధిదారుడైన తొరిబియో దోరియాను వచ్చే మంగళవారం ఉదయం కోర్టులో హాజరు పరచవలెను."

"ఏమిటయ్యా ఇది, వేళాకోళమా?" అన్నాను. "జడ్జిగారు స్వయంగా చెప్పి రాయించింది" అన్నాడు. "నవ్విందా?" అన్నాను. "లేదమ్మా. చదివి, కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసింది. మళ్ళీ చదివింది" అన్నాడు.

అన్నయ్యా, ఆవిడ మంచిదో కాదో నాకు తెలియదు. రోజూ నల్ల కాఫీ తప్ప ఏమీ కొనదు. అలాంటివాళ్ళ మనసు కనిపెట్టడం కష్టం.

నువ్వు మాట్లాడాలి. నీ బదులు నన్ను మాట్లాడనివ్వరట. అడిగి చూశాను. నీ పెళ్ళిలో ఫాదరుగారు ప్రశ్న అడిగితే తల ఊపి ఊరుకున్నావు, రెండుసార్లు అడిగించావు. ఇక్కడ తల ఊపితే రాసుకోరు. తెల్ల చొక్కా ఉతుక్కో. దిగ్నా వదిన డ్రమ్ము ఇస్తుందా?

చెల్లెలు
నికొలాసా


లాస్ గర్సాస్,
మార్చి 23.

చెల్లాయికి,

బస్సు వెళ్ళిపోతుందని చెప్పి నీ దగ్గర కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను. నిజం అది కాదు. నువ్వు అడుగుతావని. ఉన్న మాటలన్నీ లోపల అయిపోయాయి. ఇప్పుడు రాస్తున్నాను.

వదిన డ్రమ్ము ఇచ్చింది. కోర్టు కాగితం చూపిస్తే భయపడి ఇచ్చింది. "సాయంత్రానికి మళ్ళీ ఇక్కడ ఉండాలి మరిదీ, ఆ మనిషికి మాట ఇచ్చాను" అంది. బస్సు పైన కట్టాను. దుమ్ము పడకుండా దుప్పటి కప్పాను.

లోపల దాన్ని కుర్చీలో పెట్టమన్నారు. నేను పక్కన నించున్నాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి చూసింది.

"ఇతనేనా?"
"ఇతనే అమ్మా."
"నీకు ఏమవుతాడు?"
"నేను జ్ఞానతండ్రిని."
"ఎవరు చేయించారు జ్ఞానస్నానం?"
"మేష్టారు. సారాతో."

గుమాస్తా దగ్గాడు. ఆవిడ దగ్గలేదు.

"లబ్ధిదారుడు హాజరైనట్టు కోర్టు ఎలా రాసుకోవాలి?" అంది. "పేరు పిలిస్తే పలకాలి. అందరికీ అదే పద్ధతి. రోహాస్‌గారూ, పిలవండి."

ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి, వరండాలోకి పిలిచినట్టే పిలిచాడు. "తొరిబియో దోరియా!"

ఆ పేరు బయటి మనిషి నోట అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. కర్ర తీసి మంచి పక్క మీద కొట్టాను. ఒకటే దెబ్బ.

నాకే తెలియలేదు అంత గట్టిగా పలుకుతాడని. కాగితాలు లేచాయి. గోడ మీద సిలువ ఊగింది. పక్క గదిలో వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

చప్పుడంతా ఆగాక జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకుంది. తర్వాత, "హాజరు అని రాయండి" అంది.

నా సంతకం మీద ఇవ్వమని రాసింది. డ్రమ్ము కోసమే ఖర్చు పెట్టాలని కూడా రాసింది. బ్యాంకులో ఇచ్చారు.

చెల్లాయీ, ఆ డబ్బు కోర్టులో కూచుని కూచుని చిక్కిపోయింది. ఆ రోజుల్లో అయితే రెండు ఆవులు వచ్చేవి. ఇప్పుడు ఒక మంచి తోలు వస్తుంది, లేదా వంటింటికి రేకులు వస్తాయి. రెండూ రావు. కార్తహేనా మనిషి ఇస్తానన్న ధర ఇచ్చి డ్రమ్మును కొనాలంటే ఏ మూలకీ చాలదు.

డ్రమ్మును మళ్ళీ వసారాలో పెట్టాను. వదినకి ఇంకా ఏమీ చెప్పలేదు.

తోలు కొంటే కొత్త తోలుతో బల్ల అవుతాడు. రేకులు కొంటే వదినకి అమ్మే అవసరం ఉండదు. కానీ వాడి డబ్బు వాడి కోసమే అని కోర్టు రాసింది. వాడు ఉండేది ఆ వసారాలోనే. వాడి తల మీద కప్పు వాడి ఖర్చులోకి వస్తుందా? జడ్జిగారిని అడుగు. అడక్కుండా చెయ్యలేను. ఆ కాగితం మీద వాడి పేరుంది.

అన్న
ఎమెతెరియో


మోంతెరియా,
మార్చి 25.

అన్నయ్యకి, తమ్ముడు తొరిబియోకి,

లోపల సంగతి నువ్వు రాశావు. బయట సంగతి నువ్వు చూడలేదు. నేను చెప్తాను.

నేను నాలుగు రొట్టెలు మూకుట్లో వేసి తలుపు వైపే చూస్తున్నాను. రోహాస్ గొంతు వినబడింది, తొరిబియో దోరియా అని. అప్పుడు ఆ దెబ్బ. అన్నయ్యా, నూనెలో అలలు లేచాయి. బాదం చెట్టు మీది పావురాలన్నీ ఒక్కసారి ఎగిరాయి. బెర్నాల్ టైపు మిషను మీద చేతులు అలాగే పెట్టి కూచుండిపోయాడు. మెట్ల మీద జనం లేచి నించున్నారు. "ఏమిటమ్మా అది? ఏం పేలింది?" అని ఎవరో నన్నే అడిగారు.

నేను ఏమన్నానో తెలుసా? ఆలోచించి అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. "ఏమీ పేలలేదు. మా తమ్ముడు. పేరు పిలిస్తే పలికాడు" అన్నాను.

నాలుగు రొట్టెలూ మాడిపోయాయి.

ఇక నీ ప్రశ్న. నీ ఉత్తరం అందేసరికి కోర్టు తాళం వేస్తున్నారు. జడ్జిగారు సెలవులకి వెళ్ళిపోతూ మెట్లు దిగుతోంది. నేను మూకుడు వదిలేసి అడ్డంగా నించున్నాను. "అమ్మా, డ్రమ్ము ఉన్న చోట పైకప్పు కారుతోంది. కప్పు వేయించడం డ్రమ్ము ఖర్చేనా అని మా అన్న అడగమన్నాడు."

ఆవిడ ఆగింది. "వాన పడితే తోలు ఏమవుతుంది?" అంది.

"మెత్తబడి పాడవుతుందమ్మా."

"మరి ఇంకా అడుగుతావేం?" అంది. రెండు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక రొట్టె కొనుక్కుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. "మీ అన్న వచ్చే ఏడు ఏదైనా పండగలో వాయిస్తే నాకు కబురు చెయ్యి" అని వెళ్ళిపోయింది.

రేకులు కొను. తోలు సంగతి నీకెందుకు? తమ్ముడికి ఒక చొక్కా కుట్టించలేనా నేను? సంతలో మేకతోలు బేరం చేశాను. మచ్చలేని తోలు. ఈస్టరు తర్వాత చెమా చేత పంపిస్తాను.

చెల్లెలు
నికొలాసా


లాస్ గర్సాస్,
మే 15.

చెల్లాయికి,

ఆలస్యంగా రాస్తున్నాను. పని పడింది.

రేకులు నేనూ అబుందియో వేశాం. వదిన కింద నించుని, "ఎవరిచ్చారు మరిదీ డబ్బు?" అని అడిగింది. తొరిబియో అన్నాను. "ఎవరా తొరిబియో?" అంది. వేలితో చూపించాను. తర్వాత అంతా చెప్పాల్సి వచ్చింది. మేష్టారు ఆవిడకి కూడా చెప్పలేదు కదా. సారాతో జ్ఞానస్నానం అన్నప్పుడు నవ్వింది. తర్వాత డ్రమ్ము పక్కన పీట వేసుకుని కూచుంది. "ఎన్నేళ్ళు దీని మీద బట్టలు ఆరేశాను, ఒక్క మాట చెప్పలేదు ఆ మహానుభావుడు" అంది.

కార్తహేనా మనిషి వచ్చాడు. అద్దం కూడా తెచ్చుకున్నాడు. నేను మాట్లాడాల్సి వస్తుందేమోనని పెరట్లోకి వెళ్ళాను. వదినే చెప్పింది. "లేదు నాయనా, వీడికి పేరుంది. పేరున్నవాణ్ణి ఎలా అమ్ముతాను?" అంది. ఆయన ఇంకొంచెం ఇస్తానన్నాడు. వదిన అతనికి కాఫీ ఇచ్చి పంపించింది.

నువ్వు పంపిన తోలు బిగించాను. నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ లాగి. తొందరపడితే ముడతలు పడుతుంది. నిన్నటికి కుదిరింది.

నిన్న మొదటి వాన కురిసింది. వంటిల్లు కారలేదు. పొయ్యి వెలిగింది. వాన చప్పుడులో ఎవరికీ వినబడదులే అని మెల్లగా కొట్టి చూశాను. వినబడింది. అబుందియో తడుస్తూ తాళాలు పట్టుకొచ్చాడు. దెల్ఫీన్ దారికి అవతల చూరు కింద నించున్నాడు. రమ్మన్నాను. రాలేదు. వాన వెలిశాక కూడా అక్కడే నించున్నాడు.

జూన్‌లో పునీత అంతోనివారి పండగకి మీ పేటలో వాయించేవాళ్ళు కావాలని చెమా చెప్పాడు. సరేనన్నాను. జడ్జిగారికి కబురు చెయ్యి. రెండో బనీను దానికోసం దాచాను.

బీరువా మీద కంచం దింపి కడిగి పెట్టు. ఇద్దరం వస్తున్నాం.

అన్న
ఎమెతెరియో